చెప్పకుండా లేచినవాడి పీట

నరహరి రాసిన లాక్ ఆరు వారాలుగా తెరుచుకోవడం లేదు.

కంప్యూటర్‌ని ఆపకుండా, అది నడుస్తూ ఉండగానే అందులోంచి కొంత మెమరీని ఊడదీయాలి. అదీ అతని పని. ఆ మెమరీని వాడుకునే ప్రతి పనీ వచ్చేటప్పుడు లెక్కలో ఒకటి కలుపుతుంది, పోయేటప్పుడు ఒకటి తీసేస్తుంది. లెక్క సున్నాకి వచ్చాకే లాక్ తెరుచుకోవాలి, మెమరీని ఊడదీయాలి. నరహరి లెక్క మాత్రం ఒకటి దగ్గరే ఆగిపోయేది. ఎవరో ఇంకా పట్టుకునే ఉన్నారు. ఎవరో అంతుచిక్కలేదు.

విసిగిపోయి గడువు పెట్టాడు. పది సెకన్లు చూడడం, ఆ తర్వాత ఎవరున్నా లేనట్టే అనుకుని లాగెయ్యడం. మెషీన్ కుప్పకూలింది.

ఈ విద్యలో అతనికి పెద్దదిక్కు ఒక్కరే. అడివివరంలో ఒక పెంకుటింట్లో ఐదుగురికి మించకుండా కూర్చోబెట్టుకుని, కంప్యూటర్‌కి గుండెకాయలాంటి కెర్నల్ గురించి పాఠాలు చెప్పే లింగమూర్తిగారు. కానీ ఆయన దగ్గరికి వెళ్ళడానికి నరహరికి మొహం చెల్లలేదు.

ఆరేళ్ళ కిందట అతనూ ఆ ఐదుగురిలో ఒకడే. అప్పుడు అతను ఇదే పనికి ఒకే ఒక్క పెద్ద లాక్ రాశాడు. మెమరీ ఊడదీసినంతసేపూ కంప్యూటర్ మొత్తం ఊపిరి బిగబట్టుకుని నిలబడాల్సిందే. గురువుగారు భోజనాల దగ్గర అందరూ వింటుండగా, ఒక గదికి సున్నం కొట్టడానికి వీధి వీధంతా ఖాళీ చేయిస్తావా అన్నారు. మిగిలిన నలుగురూ నవ్వారు. నరహరి సగం అన్నం విస్తరిలో వదిలేసి, ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళి బస్సెక్కేశాడు. కోపంలో ఉన్నవాడికి బస్సు వెంటనే దొరకకూడదు. ఆ రోజు దొరికింది.

బస్సు హనుమంతవాక చేరేలోపే కోపం చల్లారింది. బెంగ మాత్రం అలాగే ఉండిపోయింది. ఎన్నిసార్లో ఫోన్ తీసి, ఆయన నంబరు చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. ఆయన ఇంకోసారి అందరి ముందూ తిట్టినా బాగుండుననిపించేది.

చివరికి లాక్ వంక పెట్టుకుని వెళ్ళాడు. సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకి చేరాడు. గురువుగారి జుట్టు పూర్తిగా నెరిసింది. ఎందుకొచ్చావని అడగలేదు. కాళ్ళు కడుక్కోమన్నారంతే.

అరుగు మీద నలభై దాటిన ఒకావిడ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తింటోంది. పేరు ఝాన్సీ అని, కాలేజీలో ఉద్యోగం మానుకుని వచ్చి రెండేళ్ళయిందని చెప్పింది. పీట ఖాళీ అయితే చేర్చుకుంటానన్నారట గురువుగారు. అప్పటిదాకా భోజనం అరుగు మీద, పాఠం కిటికీలోంచి.

లోపల ఐదు పీటలు వేసి ఉన్నాయి. నాలుగింటి మీదే మనుషులున్నారు. గురువుగారు ఐదో పీట ముందు తనే ఆకు వేసి, నీళ్ళు చిలకరించి, నరహరిని కూర్చోమన్నారు.

"ఎవరిదండీ ఈ పీట?"

"నీదే."

"ఆరేళ్ళయింది గురువుగారూ. ఈపాటికి ఇంకొకరికి ఇచ్చెయ్యాల్సింది."

"వెళ్ళొస్తానని నువ్వు చెప్పలేదు కదరా," అన్నారాయన, పప్పు వడ్డిస్తూ. "చెప్పకుండా లేచినవాడు పోయినట్టని నేనెలా అనుకోను?"

అప్పుడు నరహరికి గుర్తొచ్చింది, ఆ ఇంటి పద్ధతి. గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తానని శిష్యుడు నోటితో చెబితేనే అతని పీట ఖాళీ అయినట్టు.

ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ తెరిచాడు. ఇన్నాళ్ళూ అతను పని సవ్యంగా పూర్తయ్యే దారులే వెతికాడు. పని మధ్యలో చెడి వెనక్కి వచ్చేసే దారి ఒకటుంది. ఆ దారిన వచ్చేటప్పుడు లెక్కలోంచి ఒకటి తీసే కోడ్ వరుసే అతను రాయలేదు. పట్టుకున్నది వదలకుండానే వచ్చేసింది అతని ప్రోగ్రామే.

ఆ ఒక్క వరుసా రాశాడు. గడువు తీసేశాడు. లెక్క సున్నాకి వచ్చింది. మెమరీ ఊడింది, మెషీన్ నడుస్తూనే ఉంది.

గురువుగారు కళ్ళజోడు సర్దుకుని మొదటినుంచీ చివరిదాకా చదివి, బాగుందన్నారు. ఆ మాట కోసం నరహరి ఆరేళ్ళు ఎదురుచూశాడు. విన్నాక కూడా బెంగ తీరలేదు.

సాయంత్రం సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ మాట అనకుండా వెళ్ళిపోతే, ఎక్కడున్నా, ఈ ఇంట్లో తనకో చోటు ఉంటుంది. అనేస్తే ఉండదు. గురువుగారు తొందరపెట్టలేదు. ద్వారబంధం పట్టుకుని వీధిలోకి చూస్తున్నారు. ఆయనకీ వినాలని లేదని నరహరికి తెలిసిపోయింది.

అరుగు మీద ఝాన్సీ కిటికీ పక్కనే కూర్చుని పొద్దుటి పాఠం రాసుకుంటోంది.

"వెళ్ళొస్తాను గురువుగారూ."

ఆయన ద్వారబంధం మీంచి చెయ్యి తీసేశారు.

"వెళ్ళిరా నాయనా," అన్నారు. అరుగు వైపు తిరిగారు. "ఝాన్సీ, లోపలికి రామ్మా."