ఫ్రిజ్‌లో సీతాకోకచిలుక

మదనపల్లెలో కళ్లద్దాల షాపు నడుపుకునే రెడ్డెప్పకు పదిమంది చేత శభాష్ అనిపించుకోవడమంటే మహా ఇష్టం, కానీ అందుకోసం కాసేపు కుదురుగా కూర్చోమంటే మాత్రం ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది.

నవ్వుతున్నారా? నవ్వండి నాయనా, ఇప్పుడే నవ్వేయండి. ముందు ముందు నవ్వు రాదు.

ఆ ఊళ్లో ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లు పదకొండు మంది ఒక జట్టుగా ఉండేవారు. స్టూడియో ఖాదర్ వలీ వాళ్లకు పెద్ద. ప్రతి సోమవారం పొద్దున ఆయన అందరి ఫోన్లకూ ఒక మాట పంపేవాడు. ఒక వారం 'నీడ'. ఒక వారం 'ముల్లు'. ఒక వారం 'బెరడు'. ఆ వారమంతా వాళ్లు చెట్టూ పుట్టా తిరిగి ఆ మాటకు తగిన ఫొటో ఒకటి తీసేవారు. ఆదివారం సాయంత్రం స్టూడియో మేడ మీది గదిలో తెల్లగుడ్డ కట్టి, ఒక్కొక్కటే వేసి చూసుకునేవారు. బహుమతులు లేవు. నియమం మాత్రం ఒకటుంది. తీసినవాళ్లు లేచి నిలబడి, ఎలా తీశారో నలుగురికీ చెప్పాలి.

"సృష్టి పైవాడిది. మనది ఎదురుచూపు ఒక్కటే. అదైనా నిజంగా చెప్పుకుందాం" అనేవాడు ఖాదర్ వలీ.

ఆ జట్టులో అందరికన్నా పెద్దావిడ విమలమ్మ టీచర్. ఉద్యోగం నుంచి దిగిపోయాక, అరవై దాటిన వయసులో కెమెరా పట్టడం నేర్చుకుంది. రెడ్డెప్పకు ఆరో తరగతిలో పాఠాలు చెప్పింది కూడా ఆవిడే.

ధనుర్మాసం వచ్చింది. ఆ సోమవారం వచ్చిన మాట 'మంచు'.

మంగళవారం తెల్లవారకముందే రెడ్డెప్ప ఏటి గట్టుకు వెళ్లాడు. చలి కొరికేస్తోంది. చెప్పుల్లోకి తడి చేరింది. అరగంట తిరిగాడు, ఏమీ కనపడలేదు. ఇంటికొచ్చి దుప్పటి ముసుగు పెట్టుకుని ఫోన్లో ఫొటోల చిట్కాల వీడియో ఏదో చూస్తూ పడుకున్నాడు. చూస్తూ చూస్తూ లేచి కూర్చున్నాడు.

శనివారం పొద్దున అతని భార్య నాగవేణి పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచింది. పక్కనే ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి తొంగి చూసింది.

"ఏమండీ, పెరుగు పక్కన సీతాకోకచిలుక ఉంది."

"ఉండనీ. మూత తియ్యొద్దు."

"ఎందుకూ, పోపు పెట్టమంటారా?"

"చల్లదనానికి అది కదలదు. కదలకపోతే ఫొటో బాగా వస్తుంది. నీకు తెలీదులే."

మేడ మీద కుండీలో ఒక గడ్డిపోచ గుచ్చాడు. సీతాకోకచిలుకను తెచ్చి దానిమీద నిలబెట్టాడు. ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసాతో మంచు కురిపించాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది.

మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి వెళ్లిన నాగవేణి కిందికి వచ్చి, "అది ఎగరలేదండీ. చీమలు పట్టాయి" అంది.

"ఒక్కటే కదా" అన్నాడు రెడ్డెప్ప. ఫొటోకు రంగులు సరిచేసుకుంటూ తలైనా ఎత్తలేదు.

ఒక్కటే కదా అన్నాడు, విన్నారా? ఆ రెక్కల మీద చుక్కలు దిద్దిన స్వామి మాత్రం ఒక్కొక్కటే దిద్దాడు.

ఆదివారం తెల్లగుడ్డ మీద ఆ ఫొటో పడగానే అందరూ కుర్చీల్లో ముందుకు వంగారు. రెక్కల నిండా నీటి ముత్యాలు. రెడ్డెప్ప లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఏటి గట్టు మీద, నల్ల బండ పక్క గడ్డిలో తీశాను. వరసగా ఐదు రోజులు నాలుగింటికే వెళ్లాను. ఏమీ దొరకలేదు. ఆరో రోజు మూడు గంటలు మోకాళ్ల మీద కూర్చున్నాను. అప్పుడు కనపడింది."

చప్పట్లు మోగాయి. ఖాదర్ వలీ దాన్ని పెద్దది చేసి, ఫ్రేము కట్టించి స్టూడియో గోడకు తగిలిస్తానన్నాడు. విమలమ్మ కళ్లు తుడుచుకుంది.

"క్లాసులో పది నిమిషాలు కూర్చోమంటే బెంచీ విరగ్గొట్టేవాడివి. మూడు గంటలు కూర్చున్నావా నాయనా? నల్ల బండకు కుడి పక్కా, ఎడమ పక్కా?"

"కుడి పక్క, టీచరమ్మా."

ఆవిడ దాన్ని చిన్న పుస్తకంలో రాసుకుంది.

తర్వాత రెండు ఆదివారాలు విమలమ్మ రాలేదు. మూడో ఆదివారం వచ్చింది. దగ్గుతోంది. మెట్లెక్కడానికి గోడ పట్టుకుంది. కెమెరా సంచి తీసి ఖాదర్ వలీ ముందు పెట్టింది.

"కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఇయ్యి ఖాదర్. నా వల్ల కాదు. పద్దెనిమిది పొద్దులు నల్ల బండ దగ్గర కూర్చున్నాను. నాకేమీ కనపడలేదు. రెడ్డెప్పకున్న ఓపిక నాకు లేదు."

అందరూ వద్దు వద్దన్నారు. ఆవిడ వినలేదు. నిజం రెడ్డెప్ప నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా గోడ మీద అతని ఫొటో మెరుస్తోంది. నిజాన్ని మింగేశాడు.

"ఇంకొక్కసారి వెళ్లండి టీచరమ్మా. తప్పకుండా దొరుకుతుంది" అన్నాడు.

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. "సరే. నువ్వు చెప్పావు కాబట్టి వెళ్తాను" అని సంచి మళ్లీ భుజానికి తగిలించుకుంది.

ఆ మాట రెడ్డెప్ప గుండెలో ముల్లులా దిగింది. మర్నాడు తెలతెలవారుతుండగా ఏటి గట్టుకు పరుగెత్తాడు. నల్ల బండకు కుడి పక్కన, గోనెపట్టా కప్పుకుని, తడి గడ్డిలో మోకాళ్ల మీద విమలమ్మ కూర్చుని ఉంది. దగ్గు వస్తే సీతాకోకచిలుకలు బెదురుతాయని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"లేవండి టీచరమ్మా."

"ష్. నిదానంగా అడుగు వెయ్యి. ఈ పొద్దు వచ్చేట్టుంది."

"రాదు టీచరమ్మా. ఆ ఫొటో ఇక్కడిది కాదు. నేనిక్కడ కూర్చోనే లేదు."

అంతా చెప్పేశాడు. డబ్బా, ఫ్రిజ్, నీళ్ల సీసా, ఏదీ దాచలేదు. ఆవిడ వెనక్కి తిరగకుండానే విన్నది.

"ఆ తర్వాత అది ఎగిరిందా?"

"లేదు."

ఆవిడ గోనెపట్టా భుజాల మీద నుంచి తీసి మడిచింది. తర్వాత మెల్లగా అంది. "మూడు వారాలుగా నా మోకాళ్లను తిట్టుకుంటున్నాను నాయనా. ఒకరోజు దేవుణ్ణి కూడా తిట్టాను, వాడికిచ్చిన ఓపికలో పావు వంతైనా నాకెందుకివ్వలేదని." చెయ్యి చాపింది. "లేపు. ఒక్కదాన్నే లేవలేను."

ఆవిడ లేచి, కాసేపు కింద గడ్డి వైపు చూసి, ఒకే ఒక్క ఫొటో తీసుకుంది. ఇల్లు చేరేదాకా రెడ్డెప్ప ఆవిడ చెయ్యి పట్టుకునే నడిచాడు. ముఖం మాత్రం చూడలేకపోయాడు.

ఆ వారం ఖాదర్ వలీ పంపిన మాట 'ఖాళీ'.

ఆదివారం తెల్లగుడ్డ మీద విమలమ్మ ఫొటో పడింది. తడి గడ్డిలో పక్కపక్కనే రెండు గుంటలు, అంతే. ఆవిడ లేచి నిలబడింది.

"ఇవి నా మోకాళ్ల గుర్తులు. పంతొమ్మిది పొద్దులు ఇక్కడ ఎదురుచూశాను. ఏమీ రాలేదు."

రెడ్డెప్ప పేరు ఎత్తలేదు. అతని వైపు చూడనైనా లేదు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

తర్వాతి వంతు రెడ్డెప్పది. అతని దగ్గర ఫొటో లేదు. అయినా లేచాడు.

"ఆ గుంటలు నా అబద్ధం వల్ల పడ్డాయి" అని మొదలుపెట్టి, తల వంచుకుని చివరిదాకా చెప్పాడు. చీమలు పట్టిన సంగతి కూడా విడిచిపెట్టలేదు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఖాదర్ వలీ లేచి, గోడ మీది ఫ్రేము దించి, బోర్లించి అతని చేతికిచ్చాడు. పక్కనున్నవాళ్లు కుర్చీలు సర్దుకుంటూ అతన్ని చూడనట్టు నటించారు. విమలమ్మ కెమెరా సంచి భుజాన వేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది. వచ్చే వారం మాట ఏమిటో ముందే చెప్పమని ఖాదర్ వలీని అడుగుతూనే ఉంది. రెడ్డెప్ప ఫ్రేమును గుండెకు ఆనించుకుని, అందరూ వెళ్లేదాకా అక్కడే నిలబడిపోయాడు.

కాబట్టి తల్లులారా, నాయనలారా, పడని కష్టాన్ని పడ్డానని చెప్పుకుని మెప్పు పొందడమంటే, నిజంగా కష్టపడేవాళ్లకు తమ మీద తమకున్న నమ్మకాన్ని దొంగిలించడమే.