కంపలో దూరే కుక్క

మా గురువుగారు పంపాపతయ్యకు ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ సంగతి కనిపెట్టిన నాటినుంచి నేను ప్రశ్నలు మానేశాను. అది చూసి కొత్తగా వచ్చినవాళ్లు నా సందేహాలన్నీ తీరిపోయాయని అనుకుంటారు. నేనూ కాదనను.

ఉరుకుందప్పగారికి మాత్రం ఈ తెలివి అబ్బలేదు. ఆయన హైస్కూల్లో లెక్కల అయ్యవారు. మనిషి సన్నగా ఉంటారు. గాలి గట్టిగా వీచిన రోజున మేము ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టుకుంటాం. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నోటుపుస్తకం. ఏ గురువు ఏ సాధన చెప్పాడు, దానికి ఎన్నేళ్లు పడుతుంది, ఎవరెవరికి ఫలించింది అన్నవన్నీ అందులో గళ్లు గీసి రాసుకుంటారు. ఒక వేసవి సాయంత్రం ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని అడిగారు:

"గురువుగారూ, మనసు అడుగున నక్కి ఉన్నదాన్ని బయటికి రప్పించడానికి ఏడు సాధనలు రాసుకున్నాను. ఏడూ మంచివే. నాబోటివాడికి వాటిలో ఏది సరిపడుతుంది?"

గురువుగారు చింతపండులో గింజలు తీస్తున్నారు. తల ఎత్తి ఏదో పని చెప్పబోయేంతలో వాకిట్లోకి ఓబులమ్మ వచ్చింది. గురువుగారి చేనికి ఆనుకునే ఆమె ఎకరన్నర వేరుశనగ చేను. భర్త పోయాక ఒక్కతే సేద్యం చేసుకుంటోంది.

"సామీ, చెప్పి చేద్దామని వచ్చినా. నా గట్టు పక్క కంప కాల్చేస్తాండా. పోయినేడు మొలిచిన చెనిక్కాయంతా చెవులపిల్లులు మేసి పెట్టినాయి. వాటి కాపురమంతా ఆ కంపలోనే. ఈ ఏడూ పోతే నేను చేను బీడు పెట్టుకోవల్ల."

"కాల్చుకో తల్లీ. మరి లోపలున్న కుందేళ్ల సంగతి?"

"వాటిని కాల్చాలని నాకు మాత్రం ఉంటాదా? మీరే పిలుచుకోండి బయటికి. అమావాస్య పోయిన మరునాడు తెల్లారి నిప్పు పెడతా. పొద్దెక్కితే గాలి తిరిగి నా గడ్డివామి అంటుకుంటాది. మీకోసమని దినమంతా కాచుకోలేను."

అమావాస్యకు ఇంకా మూడు వారాలు ఉంది. గురువుగారు ఉరుకుందప్పగారి వైపు తిరిగారు.

"నీకు బడి సెలవులే కదా. కంపలో దూరి చెవులపిల్లుల్ని బయటికి తోలే కుక్క ఒకటి కావాలి. ఏ జాతిదైతే బాగుంటుందో చూసి పట్టుకురా."

ఏడు సాధనల మాట ఆ పూట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అయ్యవారు నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి గళ్లు గీయడం మాత్రం నేను చూశాను.

పన్నెండు రోజులు ఆయన జాడ లేదు. ఆదోని వెళ్లారు, బళ్లారి వెళ్లారు. మా వైపు వేటకుక్కల్ని చూశారు. పొడుగుకాళ్ల కుక్కలు, బయలులో పరిగెత్తితే చూడముచ్చటగా ఉంటాయి. కంప ఎదురైతే మాత్రం పరాయి ఇంటి వాకిలి ముందు నిలబడ్డట్టు మర్యాదగా ఆగిపోతాయి. చివరికి గుంతకల్లులో పెరీరా అనే రిటైరైన రైల్వే గార్డు దగ్గర తేలారు. ఆయన ముప్పై ఏళ్లుగా టెర్రియర్లు, అంటే బొరియల్లో దూరే చిన్న వేటకుక్కల్ని, పెంచుతున్నాడు. టెర్రియర్లలోనే ఇన్ని జాతులున్నాయని తెలిసి అయ్యవారికి ఆకలి కూడా వేయలేదట. పొట్టికాళ్లవి, పొడుగుకాళ్లవి, నున్నటి బొచ్చువి, గరుకు బొచ్చువి, మొత్తం ఏడు రాసుకున్నారు. ఆయనకు ఏది రాసుకున్నా ఏడే అవుతుంది.

"అయ్యవారూ, రాసుకున్నది చాలు, చేతులిటు తెండి" అన్నాడట పెరీరా. ఒక గరుకు బొచ్చు ఆడకుక్కను ముందు పెట్టి, ముందుకాళ్ల వెనక దాని ఛాతీ చుట్టూ అయ్యవారి రెండు చేతులూ ఉంచాడట. "వేళ్లు కలిశాయా? కలిస్తే కంపలో దారి దొరుకుతుంది. నున్నటి బొచ్చుదైతే మొదటి ముల్లుకే వెనక్కి చూస్తుంది. ఇది చూడదు. లోపల మొరుగుతుంది కూడా. మొరగని కుక్క కంపలో ఎక్కడుందో మనకెట్లా తెలుస్తుంది? ఇంకొక్క మాట. ఇది దేన్నీ పట్టుకోదు. ఉన్నదాన్ని బయటికి పంపి, తాను బయటికి వస్తుంది. అంతే దీని పని."

దాని పేరు రూబీ. పదమూడో రోజున అది మా ఆవరణలోకి వచ్చింది. నిజం చెప్పాలంటే అయ్యవారి ఎంపికలో ఏ తప్పూ లేదు. అంతకన్నా తగిన కుక్క ఈ జిల్లాలో దొరకదు. కాని ఆయనకే నమ్మకం కుదరలేదు. హుబ్బళ్లిలో కాళ్లు ఇంకాస్త పొట్టిగా ఉండే రకం ఒకటి ఉందని పెరీరా మాటవరసకు అన్నాడట. దాని వివరాలకు ఉత్తరం రాసి, రోజూ పోస్టుమాన్ కోసం వాకిట్లో కూర్చునేవారు.

"రూబీని ఒకసారి కంప దగ్గరికి తీసుకుపోయావా?" అని గురువుగారు రెండుసార్లు అడిగారు.

"ఇంకా తేలలేదు గురువుగారూ" అన్నారాయన రెండుసార్లూ.

ఆ ఎనిమిది రోజులూ రూబీ ఖాళీగా లేదు. ఇక్కడ నా పాపం కొంత చెప్పుకోవాలి. నేను పెట్టింది పూటకో జొన్నరొట్టె ముక్క, పైన కాస్త వెన్న. అంతే. అయితే మేము తొమ్మిది మంది శిష్యులం, ఒకరికి తెలియకుండా ఒకరం, తొమ్మిది మందిమీ "అంతే" పెట్టాం. గురుపత్ని మంగమ్మగారు పెట్టింది ఇందులో కలపలేదు. ఆవిడ కొలిచి పెట్టే మనిషి కాదు.

అమావాస్య మరునాడు తెల్లారేసరికి అందరం కంప దగ్గరికి చేరాం. రేగు, లంటానా పెనవేసుకుని, చెయ్యి దూర్చే సందు కూడా లేకుండా ఒక గది అంత మేర పెరిగి ఉంది. గుట్ట వైపు వదిలేసి మిగతా మూడు వైపులా నిలబడ్డాం, బయటికొచ్చినవి అటే పోవాలని. ఓబులమ్మ చేతిలో ఎండు కట్ట, అగ్గిపెట్టె.

అయ్యవారు రూబీని వదిలారు. అది ఉత్సాహంగా ఉరికింది, కంప అడుగున తల దూర్చింది. భుజాలు దూరాయి. ఆ తర్వాతది దూరలేదు. కాసేపు వెనకకాళ్లతో నేల తవ్వి, మెల్లగా వెనక్కి వచ్చి, మా అందరి వంకా ప్రేమగా చూసి పడుకుంది. అయ్యవారు దాని ఛాతీ చుట్టూ చేతులు పెట్టి చూశారు. వేళ్ల మధ్య నాలుగు అంగుళాల ఖాళీ.

"దీన్ని ఎవరు మేపారు?" అన్నారు. తొమ్మిది మందిమీ గుట్ట వైపు చూశాం.

ఆయన చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. నోటుపుస్తకం తెరిచి, "హుబ్బళ్లి నుంచి ఉత్తరం వస్తే..." అన్నారు.

"అయ్యవారూ, ఆ పుస్తకం మూసి చెప్పండి" అంది ఓబులమ్మ. "తోలేదుందా, లేదా? గాలి లేస్తాంది."

ఆకులు నిజంగానే కదులుతున్నాయి. అంతలో కంప లోపల ఏదో అలికిడైంది. ఆకుల సందున రెండు చెవులు నిలబడ్డాయి, ఎండ తగిలి ఎర్రగా. అయ్యవారు వాటినే చూస్తూ ఉండిపోయారు. నేను నోరు కట్టేసుకోవలసిన సమయమే అది. కాని నా సంగతి నాకు తెలుసు. వెనకనుంచి వెళ్లి ఆయన ఛాతీ చుట్టూ రెండు చేతులూ వేసి, "గురువుగారూ, ఇక్కడ వేళ్లు ఇంచుమించు కలుస్తున్నాయి!" అన్నాను.

అందరూ నవ్వారు. అయ్యవారు నవ్వలేదు. నోటుపుస్తకం జేబులో పెట్టుకుని, కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టారు. నేలమీద బోర్లా పడుకుని, రూబీ తల దూర్చిన చోటే తానూ తల దూర్చారు. భుజాలు దూరాయి. తర్వాతదీ దూరింది. పాదాలు కూడా మాయమయ్యాక, "అయ్యో, చొక్కా!" అని మంగమ్మగారు అనడం వినిపించింది.

మొదట "హుష్, హుష్" అని బడిలో పిల్లల్ని అదిలించినట్టు వినిపించింది. తర్వాత "అబ్బా". ఆ తర్వాత, నామీద ఒట్టు, మొరుగు. లెక్కల అయ్యవారు మొరుగుతున్నారు. అది విని రూబీ లేచింది. తన పని ఇంకొకరు చేస్తుంటే ఊరుకునే జాతి కాదు మరి. ఆయన వెళ్లిన దారినే, ఆయన ఒంటితో వెడల్పు చేసిన సందులోంచే దూరిపోయింది. ఇక లోపల రెండు గొంతులు. ఏది ఎవరిదో చెప్పడం కష్టం.

ఒక చెవులపిల్లి గుట్ట వైపు దూసుకుపోయింది. వెనకాల రెండు. కాసేపాగి ఇంకో రెండు. ఓబులమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"అయిపాయ సామీ, రమ్మనండి. గాలి!"

రూబీ బయటికి వచ్చింది. అయ్యవారు రాలేదు. గురువుగారు కంప దగ్గరికి రెండడుగులు వేశారు. ఆయన అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు మోచేతుల మీద పాకుతూ అయ్యవారు బయటపడ్డారు. చొక్కా వీపున లేదు, ముందువైపు పీలికలు. రొమ్ముకు హత్తుకున్న తువ్వాలులో పిడికిలంత చెవులపిల్లి పిల్ల.

"ఇది కదలదు గురువుగారూ" అన్నారు రొప్పుతూ. "అరిచినా కదలదు. తడిమితేగాని దొరకలేదు."

పిల్లను గుట్ట మొదట్లో పొదకింద వదిలి వచ్చాం. ఓబులమ్మ నిప్పు పెట్టింది. మంట తిన్నగా పైకి లేచింది. గడ్డివామి వైపు ఒక్క రవ్వ కూడా పోలేదు. అది చూస్తూ అయ్యవారు జేబు తడుముకున్నారు. జేబే లేదు.

"ఏంది అయ్యవారూ, లోపలేమైనా మరిచినారా?" అంది ఓబులమ్మ కంగారుగా.

ఆయన మంటవైపు కాసేపు చూశారు. "ఏం లేదులే తల్లీ" అన్నారు. అని, నాకెందుకో నమ్మబుద్ధి కాలేదుగానీ, నవ్వారు.

తర్వాత గట్టుమీద కూర్చోబెట్టి గురువుగారే ఆయన వీపున దిగిన ముళ్లు తీశారు. రూబీ పక్కన చేరి పాదాలు నాకుతోంది. నేను కళ్లజోడు తుడిచి తెచ్చి పెట్టాను. జోడు పెట్టుకోగానే అయ్యవారికి పాత అలవాటు గుర్తొచ్చినట్టుంది.

"అయితే గురువుగారూ, ఆ రోజు నేనడిగిన ఏడింటిలో..." అంటూ వెనక్కి తిరగబోయారు.

గురువుగారు ఆయన భుజం పట్టుకుని మళ్లీ ముందుకు తిప్పారు.

"కదలకు నాయనా. ఇంకా ఒక ముల్లుంది."