గొంగళి తాత గద్దె కింది కుక్క

ఈరప్ప స్వామికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడికి ఆయన జవాబు చెప్పేవాడు కాదు, పని చెప్పేవాడు. గుండ్లవంక ఆశ్రమానికి వేదాంతం విందామని వచ్చి, పొద్దు వాలేసరికి చేతులు బొబ్బలెక్కి ఇంటిదారి పట్టినవాళ్లు ఆ చుట్టుపక్కల బోలెడుమంది. అయినా మళ్లీ వచ్చేవాళ్లు. మాటలు చెప్పే ఆశ్రమాలు ఎన్ని లేవు!

ఒక పొద్దున శిష్యుడు సుంకన్న ఆయన కాళ్లకు మొక్కి, గొంతు తగ్గించి అడిగాడు.

"సామీ, నాలో గర్వం ఉంది. రోజూ దులిపేసుకుంటా. తెల్లారేసరికి మళ్లీ నెత్తికెక్కి కూర్చుంటాది. ఇది యాడి నుంచి వస్తాది సామీ?"

స్వామి అది విననట్టే, "బంటుకు ఒళ్లెట్లుంది?" అన్నాడు.

సుంకన్న ముఖం చిన్నబోయింది. బంటు ఆశ్రమం కుక్క. మామూలు కుక్క అనుకునేరు! ఆశ్రమం పెట్టిన గొంగళి తాత గొర్రెల కాపరి. ఆయన మందను కాసిన కుక్క సంతతిలో ఇప్పటికి మిగిలింది ఇదొక్కటే. తాత కప్పుకున్న గొంగళి లోపలి గదిలో గద్దె మీద పరిచి ఉంటుంది. ఆ గద్దె కింద, వేలాడే గొంగళి అంచులకు ఒళ్లానించి పడుకునే హక్కు ఆ వంశపు కుక్కకే ఉంది, మనిషికి లేదు.

గొంగళిని చూసుకునే బాధ్యత సుంకన్నది. దాన్ని కదపకూడదు, దులపకూడదు, తడపకూడదు, అదీ ఆచారం. అంచుల నుంచి గద్దె మొదట్లో రాలే నల్లటి పొడిని భక్తులు వేలితో అద్దుకుని కళ్లకు పెట్టుకునేవాళ్లు. "నేను ఈ పనిలోకి వచ్చినాక గాలికి కూడా దీని మడత చెదరలేదు" అని సుంకన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అప్పుడు చూడాలి అతని ఛాతీ!

అలాంటి బంటుకు కుక్కపేలు పట్టాయి. పశువులను పట్టే గోమార్లలాగా అంటుకుని కూర్చునేవి కావు, వేలు పెట్టగానే ఎగిరి దూకేవి. తోక మొదట్లో వెంట్రుకలు ఊడిపోయాయి, నడుము మీద చర్మం పచ్చిపుండైంది. పాపం, ఆ మూగజీవం తన ఒంటిని తానే కొరుక్కుంటూ ఉండేది. పశువుల డాక్టరమ్మ వచ్చి చూసింది. "దీనికి పేలకాటు పడదు. ఒక్కటి కుట్టినా ఒళ్లంతా దురదే. కుక్కకు మందేస్తే సరిపోదు నాయనా, అది పడుకునే చోటంతా శుభ్రం చెయ్యాలి. గుడ్లూ పిల్లలూ ఆ దుమ్ములోనే ఉంటాయి" అని చెప్పి, పుండుకు మందూ, మెడ వెనక వేసే చుక్కలూ ఇచ్చి వెళ్లింది.

డాక్టరమ్మ చెప్పినవన్నీ సుంకన్న చేశాడు. పుండుకు మందు రాశాడు, చుక్కలు వేశాడు, పేలదువ్వెనతో ఓపికగా దువ్వాడు. వసారా ఊడ్చాడు, వంటిల్లు కడిగాడు, కట్టెల కొట్టం కూడా దులిపాడు. గద్దె ఉన్న గదిలోకి మాత్రం చీపురు తీసుకుపోలేదు. తాత చోట మురికేమిటి, అపచారం కాదూ!

పేలు తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కేవి. ఆశ్రమం పెత్తనం చూసే మల్లప్ప ఇక ఊరుకోలేక తేల్చి చెప్పాడు. "తాత ఆరాధనకు పిల్లాజెల్లా అందరూ వస్తారు. ఆలోగా దీనికి నయం కాకపోతే యాడన్నా దూరంగా వదిలి రావాల్సిందే. నాకు మాత్రం సంతోషమా?" ఆ మాట విన్నప్పటి నుంచి సుంకన్నకు ముద్ద దిగడం లేదు. తాత కుక్క వంశం తన చేతుల మీదుగా వీధిన పడబోతోందని తలచుకుంటేనే ఏడుపు ముంచుకొచ్చేది.

ఆ బాధంతా ఇప్పుడు స్వామి ముందు వెళ్లగక్కాడు. "మందేసినాక కొన్నాళ్లు బాగుంటాది సామీ. మళ్లీ ఎక్కుతాయి. యాడి నుంచి వస్తాయో తెలీడం లేదు."

"అయితే గర్వం, పేలు, రెండూ యాడి నుంచి వస్తాయో నీకు తెలీదన్నమాట" అన్నాడు స్వామి, మోకాళ్ల మీద చేతులానించి లేస్తూ. "నీ తెల్ల తువ్వాలు తడిపి తీసుకురా."

తెచ్చాడు. స్వామి నేరుగా గద్దె దగ్గరికి నడిచి, తడి తువ్వాలును నేల మీద పరిపించాడు. "గొంగళి అంచు పట్టుకుని దులుపు" అన్నాడు.

సుంకన్న అంచు దాకా చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు. "సామీ, ఆచారం..."

"ఒక కొస నేను పట్టుకుంటాలే. పాపమొస్తే చెరిసగం."

దులిపారు. నల్లటి పొడి జలజలా తువ్వాలు మీద రాలింది. కళ్లకద్దుకునే పొడి అదే. అలికిడికి పరుగెత్తుకొచ్చిన మల్లప్ప గుమ్మంలోనే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. తడి తగిలిన ఒక్కో నలుసు చుట్టూ మెల్లగా ఎర్రటి మరక విచ్చుకుంటోంది.

"నెత్తురు!" అన్నాడు మల్లప్ప.

"బంటుది" అన్నాడు స్వామి. "పేలు తాగి విసర్జించింది."

గొంగళి పోగుల్లోంచి ఒక పేను ఎగిరి సుంకన్న మణికట్టు మీద వాలింది. అతను దాన్ని దులుపుకోను కూడా లేదు. ఉన్నచోటే కూలబడి, సిగ్గుతో తల పట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ నేను కాపలా కాసింది వీటికా సామీ!"

స్వామి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "తాత గొర్రెల కాపరి అబ్బీ. మా గురువు చెప్పేవాడు, ఎండ కనబడితే ముందు గొంగళి ఆరేసి, ఆ తర్వాతే తాను కూర్చునేవాడంట. దాన్ని కదపొద్దని చెప్పింది తాత కాదు. ఆయన పోయినాక వచ్చినోళ్లం."

ఆ రోజే గొంగళి వంక ఒడ్డుకు చేరింది. కుంకుడు నీళ్లలో నానబెట్టి సుంకన్న ఒక కొస, మల్లప్ప ఒక కొస పట్టి జాడించారు. గద్దె పక్కకు జరిపి, బండల సందుల్లో పేరుకున్న దుమ్మంతా తోడి కాల్చేశారు, నేల కడిగారు. పేలు వెంటనే మాయం కాలేదు. దాగున్న గుడ్లు కొన్నాళ్లు పిల్లలౌతూనే ఉంటాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. సుంకన్న విసుక్కోకుండా ఊడుస్తూ, దువ్వుతూ, వేళకు చుక్కలు వేస్తూ పోయాడు. బంటు పుండు ఆరింది. నడుము మీద లేత నూగు వచ్చింది.

ఆరాధన నాడు జనం వచ్చి చూస్తే గద్దె ఖాళీ! గొంగళి బయట బండ మీద ఎండలో ఉంది. పక్కనే బంటు తల ఎత్తుకుని కావలి కాస్తోంది. మురికి పోయాక గొంగళికి చుట్టూ ఎర్రటి అంచు బయటపడింది. తాత చేత్తో నేసిన ఆ అంచును అప్పటిదాకా ఆశ్రమంలో చూసినవాళ్లే లేరు. ముసలాయన ఒకడు అలవాటుగా నల్లపొడి కోసం వేలు చాపితే సుంకన్న, "ఇంక రాలదు పెద్దాయనా. అంచు చూడు, ఎంత బాగుందో!" అన్నాడు. జనం ముక్కున వేలేసుకుని ఆ అంచు చుట్టూ మూగారు.

జనం పలచబడ్డాక సుంకన్న స్వామి పక్కన చేరి, తప్పు చేసినవాడిలా గొణిగాడు.

"సామీ, పేలు పోయినాయి. గర్వం మాత్రం పోలేదు. ఆ అంచును, బంటును చూస్తుంటే మునుపటికంటే ఎక్కువైంది."

స్వామి ఎండలో మెరుస్తున్న ఎర్రటి అంచు వంక చూశాడు. ఆయన ముఖంలోనూ అదే గర్వం ఉంది.

"ఉండనీలే అబ్బీ" అన్నాడు. "గొంగళితో పాటు దాన్ని కూడా వారం వారం ఎండకెయ్యి."