పోలయ్య నేర్పిన విసురు

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవనుకున్నారు పిల్లలూ, ఒక కొసన పుట్టిన వాన రెండో కొసకి నడిచేసరికి ముసలిదైపోయి, కర్ర పట్టుకుని కురిసేది. దాని పేరు వెదురుకోన. అందులో గట్టుమీది జంతువులది ఒక జట్టు, వాగు ఒడ్డు జంతువులది ఇంకో జట్టు. ఎండలు ముదరబోయే ముందు ఈ రెండు జట్లకీ ఏటా ఒక ఆట జరిగేది.

ఆట ఇదీ. ఒకరు ఎండిన వెలగకాయని విసరాలి. ఎదుటివాడు దాన్ని దుడ్డుకర్రతో కొట్టి, మూడు బండలు చుట్టి బయలుదేరిన చోటికి పరుగెత్తుకు రావాలి. వస్తే ఒక చుట్టు. మధ్యలో ఏ బండ దగ్గరైనా ఆగి, తర్వాతివాడు కొట్టినప్పుడు మిగతా పరుగు పూర్తి చెయ్యొచ్చు. మూడుసార్లు కర్రకి కాయ తగలకపోతే వాడు అవుటు. ముగ్గురు అవుటైతే ఒక విడత ముగిసినట్టు. అలా తొమ్మిది విడతలు.

గెలిచినవాళ్ళకి బంగారం ఇవ్వరు. అంతకన్నా విలువైనదే ఇస్తారు. వేసవిలో ఆ అడవి మొత్తానికి ఎండకుండా మిగిలేది ఒక్క మడుగు. గెలిచిన జట్టు తెల్లవారగానే వెళ్ళి తేటనీళ్ళు తాగుతుంది. ఓడిన జట్టు మిట్టమధ్యాహ్నం వెళ్ళి, వాళ్ళు తొక్కి వదిలిన బురద తాగుతుంది. వానలు పడేదాకా అంతే.

గట్టు జట్టు పదేళ్ళుగా తేటనీళ్ళే తాగుతోంది. అదంతా కొండముచ్చు పోలయ్య చలవ. పోలయ్య ఎడమకాలు చెవిదాకా ఎత్తి, తోకని మూడుసార్లు గిరగిరా తిప్పి విసిరాడంటే చెట్లమీది గూళ్ళు తిరగబడేవి. ఒక ఏడాది ఆయన విసిరిన కాయ మూడు మబ్బులకి చిల్లులు పెట్టి, నాలుగో మబ్బుని పక్క అడవిదాకా తరిమింది. ఆ ఏడు పక్క అడవిలో వరదలు. నమ్మకపోతే ఆ వరదలో కొట్టుకొచ్చిన రాళ్ళనడగండి, ఇంకా అక్కడే ఉన్నాయి.

ఆ విసుర్లు పట్టేది అలుగు అచ్చమ్మ. ఒళ్ళంతా గట్టి పొలుసులు కాబట్టి దెబ్బకి జంకేది కాదు. అరచేతులు మాత్రం మెత్తన. పోలయ్య కాయ పట్టాక వాటిని చల్లటి బురదలో పెట్టుకుని కూర్చునేది.

పదో ఆట కూడా గెలిచారు. వానలు మొదలయ్యాయి. వానల్లో ఆట ఉండదు. జట్టు పెద్ద ఎలుగుబంటి బూరన్న అందరినీ గుహలోకి పిలిచాడు.

"వాగువాళ్ళు నలభై తేనెపట్లు ఇచ్చి కొండ అవతలనుంచి ఒక విసిరేవాణ్ణి తెచ్చుకున్నారు," అన్నాడు బూరన్న. "మన దగ్గర నాలుగు పట్లు కూడా లేవు. అయినా తొమ్మిది విడతలు, ఒకటే చెయ్యి. పోలయ్య మామకి అలుపొస్తే వెనకాల ఎవరున్నారు? చౌకగా వచ్చేవాళ్ళనే ఇద్దరు ముగ్గుర్ని వెతుకుదాం."

"నాకు అలుపా?" అన్నాడు పోలయ్య.

అందరూ నవ్వారు. పోలయ్య కూడా నవ్వాడు. కానీ రెండేళ్ళుగా ఆయన కుడిభుజం లోపల ఏదో కలుక్కుమంటోంది. ఎవరూ చూడకుండా ఆముదం రాసుకుంటున్నాడు. ఆ సంగతి ఆయనకీ ఆముదం చెట్టుకీ తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాడు.

నాలుగో రోజుకి ముగ్గురు వచ్చారు.

మొదటిది ముంగిస సుంకన్న. కుడి ముందుకాలు కుంటిదని ఏ జట్టువాళ్ళూ చేర్చుకోలేదు. "రోజుకి దోసెడు రేగుపళ్ళు చాలు," అన్నాడు. ఎడమచేత్తో విసిరాడు. కాయ ఎటో పోతున్నట్టు పోయి, గభాలున లోపలికి తిరిగి అచ్చమ్మ చేతిలో పడింది.

రెండోది అడవిపంది వరాలమ్మ. "జీతం వద్దు బూరన్నా. నాకు ఏడుగురు పిల్లలు. వాళ్ళు ఈ వేసవి తేటనీళ్ళు తాగాలి, అంతే," అంది. మూతితో కిందనుంచి ఎగరేసింది. కాయ నేలని రాసుకుంటూ వచ్చి, చివర్లో పాము పడగెత్తినట్టు లేచింది.

మూడోది దేవాంగపిల్లి ముత్యాలు. ఆయన మాటా నెమ్మది, చూపూ నెమ్మది. "రెండు... మిడతలు. పొద్దున... ఒకటి," అన్నాడు. రెండోది ఎప్పుడో చెప్పేలోపు బూరన్న సరేననేశాడు. ముత్యాలు విసిరిన కాయ ఎంత మెల్లగా వచ్చిందంటే, దారిలో ఒక సాలెపురుగు దానికి గూడు కట్టడం మొదలుపెట్టి, సగం కట్టాక ఇది కదులుతోందని తెలుసుకుని దిగిపోయింది. కర్ర పట్టుకున్నవాడు రెండుసార్లు ఊపేశాడు. కాయ ఇంకా రానేలేదు.

అచ్చమ్మ పకపకా నవ్వింది. తర్వాత తన అరచేయి చూసుకుంది. "సుంకన్న కాయకి నా చెయ్యి మండుతోంది చూడండర్రా. చాలా రోజులైంది ఇలా మండి," అంది.

ఆ మాట పోలయ్య చెవిలో పడింది. చెవిలోంచి గొంతులోకి, గొంతులోంచి కడుపులోకి దిగింది. పదేళ్ళు ఆ చేతిని మండించింది తను. చాలా రోజులైందట. ఆ పూట నేరేడుపండు నోట్లో పెట్టుకుంటే చింతకాయలా పులిసింది. పడుకుంటే ముంగిస కాయ తిరిగిన తిరుగుడే కళ్ళముందు. తిట్టుకుందామంటే అందులో తప్పు కనపడలేదు. దాంతో ఇంకా మండింది.

పొద్దున్నే వెళ్ళి, "బూరన్నా, ఈ ముగ్గుర్నీ నాకు అప్పగించు. నేర్పుతాను," అన్నాడు.

బూరన్న పొంగిపోయాడు. "మామా, నీ మనసు మడుగంత," అన్నాడు.

పోలయ్య నేర్పడం మొదలుపెట్టాడు. సుంకన్నతో, "ఎడమచెయ్యి ఏం చెయ్యి నాయనా, కుడిచేత్తో విసురు," అన్నాడు. వరాలమ్మతో, "మూతితో విసిరితే నలుగురూ నవ్వుతారమ్మా, వెనకకాళ్ళమీద లేచి నిలబడి తలమీంచి విసురు," అన్నాడు. ముత్యాలుతో, "వేగం, వేగం," అన్నాడు. ముగ్గురికీ కాలు చెవిదాకా ఎత్తడం, తోక మూడుసార్లు తిప్పడం నేర్పాడు. దేవాంగపిల్లికి తోకే లేదు. అయినా లేని తోకని తిప్పమన్నాడు. ముత్యాలు పాపం నడుము తిప్పేవాడు.

ముగ్గురూ పొద్దుపోయేదాకా సాధన చేసేవారు. గురువుగారూ గురువుగారూ అని వెంట తిరిగేవారు. వరాలమ్మ గట్టి చామదుంపలు తవ్వి తెచ్చి ఆయన ముందు పెట్టేది. పోలయ్య ఆ దుంపలు తింటూ, "ఇంకా ఎత్తు కాలు," అనేవాడు.

వానలు వెలిసేసరికి సుంకన్న కాయ తిరగడం మానేసింది. వరాలమ్మ కాయ లేవడం మానేసింది. ముత్యాలు కాయ వేగంగానూ పోదు, నెమ్మదిగానూ పోదు, పెళ్ళికి పిలవకుండా వచ్చిన చుట్టంలా మధ్యలో బిక్కుబిక్కుమంటూ వస్తుంది.

"చౌకగా వచ్చినవాళ్ళు ఇలాగే ఉంటారు," అన్నాడు పోలయ్య, మహా విచారంగా.

బూరన్న తల గోక్కున్నాడు. వేరేవాళ్ళని తేవడానికి తేనెపట్లు లేవు.

అచ్చమ్మ మాత్రం పోలయ్యని చాటుకి పిలిచింది. "వానల మొదట్లో వీళ్ళు బాగానే విసిరారు. వానల చివర్లో చెడ్డారు. మధ్యలో ఉన్నది నువ్వే పోలయ్యా."

"నేర్పితే రాకపోతే నేనేం చేసేది?"

"నీ కాయ పట్టి నా చెయ్యి మండక రెండేళ్ళైంది. నేను ఎవరికీ చెప్పలేదు. నువ్వన్నా చెప్పు," అంది అచ్చమ్మ.

పోలయ్య చెట్టెక్కాడు.

ఆట రోజు వచ్చింది. అడవి అడవంతా వచ్చి కూర్చుంది. కాలు పెట్టే చోటు లేక చీమలు ఒకదానిమీద ఒకటి ఎక్కి చూశాయి. వాగు జట్టు పెద్ద అడవిదున్న కొమురయ్య కొమ్ముల మధ్య దుడ్డుకర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

మొదటి ఆరు విడతలు పోలయ్య భుజం నొప్పి లెక్కచెయ్యకుండా, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. ఏం విసిరాడనీ. కాయ పోయిన దారిలో గాలికి గీత పడింది. మూడు రోజులదాకా పక్షులు ఆ గీతకి తగిలి పడిపోయేవి. గట్టు జట్టుకి ఏడు చుట్లు, వాగు జట్టుకి రెండు. ఆరో విడత ఆఖరి కాయ విసరగానే భుజంలో ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. చెయ్యి కిందికి వేలాడింది. మళ్ళీ లేవలేదు.

ఏడో విడతకి సుంకన్న వెళ్ళాడు. కాలెత్తాడు, తోక తిప్పాడు, కుడిచేత్తో విసిరాడు. వాగువాళ్ళు పదేళ్ళుగా ఆ కాలెత్తడమే చూస్తున్నారు, ఆ తోక తిప్పడమే చూస్తున్నారు. తేడా ఏమిటంటే ఈ కాయలో పస లేదు. ఫట్‌మని కొట్టారు.

నిజం చెప్పాలంటే, ఆ మొదటి దెబ్బకి పోలయ్య సంతోషించాడు. చూశారా, పోలయ్య పోలయ్యే అనుకున్నాడు. ఒళ్ళో వేలాడే చెయ్యి పెట్టుకుని మరీ అనుకున్నాడు. మూడు చుట్లు పోయాయి.

ఎనిమిదో విడతకి వరాలమ్మ. వెనకకాళ్ళమీద ఊగుతూ తలమీంచి విసిరింది. ఇంకో చుట్టు పోయింది. వాగువాళ్ళు పడీపడీ నవ్వారు. "ఇద్దరు పోలయ్యలొచ్చారర్రా, ఒక్కడికీ పోలయ్య చెయ్యి లేదు," అని అరిచాడు కొమురయ్య.

తొమ్మిదో విడత. ఇదే ఆఖరు. ఏడో విడతనుంచి వాగువాళ్ళ నలభై పట్ల విసిరేవాడు దిగడంతో గట్టువాళ్ళకి ఇంకో చుట్టు రాలేదు. గట్టు జట్టు ఒకే ఒక్క చుట్టు ముందుంది. వరాలమ్మ విసిరిన మొదటి కాయనే వాగు జట్టు నక్క కొట్టి రెండో బండ చేరి నిలబడింది. బూరన్న వరాలమ్మని వెనక్కి పిలిచాడు.

ఆమె తిన్నగా పోలయ్య దగ్గరికి వచ్చి తల వంచింది. "తప్పు నాదే గురువుగారూ. మీరు వానలన్నీ కష్టపడి నేర్పారు. నాకే ఒంటబట్టలేదు," అంది. గట్టుమీద ఏడుగురు పిల్లలు వరసగా కూర్చుని మడుగు వైపు చూస్తున్నారు.

పోలయ్య పదేళ్ళలో ఎన్ని మాటలు విన్నాడో, ఇంత బరువైన మాట వినలేదు. లేచాడు. వేలాడే చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, అడవంతా చూస్తుండగా మైదానం మధ్యకి నడిచాడు. అక్కడ ముత్యాలు కాయ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ముత్యాలూ, నేను నేర్పింది మరిచిపో. నీలాగే విసురు. నా విసురు నీకు సరిపడదని నాకు మొదటి రోజే తెలుసు. మీ ముగ్గురికీ సరిపడదని తెలుసు."

ముత్యాలు పెద్ద పెద్ద కళ్ళు మెల్లగా ఆయన వైపు తిప్పాడు. "మరి... ఎందుకు... నేర్పారు... గురువుగారూ?"

"మీ విసురు చూసి కడుపు మండింది," అన్నాడు పోలయ్య. చిన్నగానే అన్నాడు. కానీ మైదానం అంత నిశ్శబ్దంగా ఉండటం వల్ల ఆఖరి వరసలోని చీమక్కూడా వినపడింది.

ముత్యాలు కాయని చేతిలో తిప్పాడు. వదిలాడు.

ఆ కాయ బయలుదేరింది. కర్ర పట్టుకున్న దుప్పి ఊపింది. మళ్ళీ ఊపింది. కోపమొచ్చి కర్ర పారేసి, వాగుకెళ్ళి ముఖం కడుక్కుని తిరిగొచ్చి మూడోసారి ఊపింది. అప్పుడు చేరింది కాయ, అచ్చమ్మ చేతిలోకి. అవుటు. తర్వాత ఇంకో దుప్పి వచ్చింది. అదీ అంతే, అవుటు. గట్టుమీద ఏడు పందిపిల్లలూ గంతులేశాయి.

ఇంకొక్కడే. కొమురయ్య వచ్చి నిలబడ్డాడు. ముత్యాలు కాయ అందుకున్నాడు. నెమ్మదిగా విసరాలనే అనుకున్నాడు. కానీ వానలన్నీ పట్టిన అలవాటు ఒక్క మాటతో పోతుందా? ఎడమకాలు దానంతటదే చెవిదాకా లేచింది. లేని తోక కోసం నడుము తిరిగింది. కాయ వేగానికీ నెమ్మదికీ మధ్యన, బిక్కుబిక్కుమంటూ వెళ్ళింది.

కొమురయ్య కొట్టిన ఆ కాయ ఇప్పటికీ కింద పడలేదు. నక్క బయలుదేరిన చోటికి చేరింది. దాని వెనకే కొమురయ్య చేరాడు. గట్టు జట్టు ఒక్క చుట్టుతో ఓడిపోయింది.

ఆ వేసవి గట్టువాళ్ళు మిట్టమధ్యాహ్నం బురద తాగారు. బూరన్న పోలయ్యని ఒక్క మాట అనలేదు, మామా అని పిలవడం మాత్రం మానేశాడు. పోలయ్య అందరూ తాగాక, ఏడు పందిపిల్లలూ తాగాక, మిగిలింది తాగేవాడు. ఎవరూ అలా తాగమనలేదు.

మళ్ళీ వానలొచ్చాయి. ఒక రోజు సుంకన్న ఎడమచేత్తో విసరడం మొదలుపెట్టాడు. మొదట్లో కాయ చెట్లకి తగిలింది, బూరన్నకి తగిలింది. పోలయ్య దూరంగా కూర్చుని, పడ్డ కాయలన్నీ బాగున్న చేత్తో ఏరి తెచ్చి ఇచ్చేవాడు. "నీలాగే," అనేవాడు. ఇంకేమీ నేర్పేవాడు కాదు.

ఇరవయ్యో రోజున కాయ ఎటో పోతున్నట్టు పోయి, గభాలున లోపలికి తిరిగింది. అచ్చమ్మ చెయ్యి దులుపుకుంది. ఎర్రబడిన అరచేతిని తీసుకొచ్చి పోలయ్య ముఖం ముందు పెట్టింది. "చూడు," అంది.

పోలయ్య చూశాడు. కడుపులో మళ్ళీ మండింది. మండితే మండనీ అనుకుని కాయ తీసి సుంకన్న ఎడమచేతిలో పెట్టాడు.

"ఇంకోటి విసురు నాయనా," అన్నాడు.

నీతి: ఓర్వలేక పక్కవాడి చెయ్యి చెడగొడితే, మన చెయ్యి పడిపోయిన రోజున అందుకునే చెయ్యి ఉండదు.