ఏడవకు, నూకాలు వస్తుంది

అనగనగా, పిట్టలకి మాటలున్న రోజుల్లో జరిగిన కథ ఇది. అప్పట్లో పిట్టలు మనలాగే మాట్లాడేవి. కానీ వినడానికి మనుషులకి తీరికేది? ఏదో కూస్తోందిలే అనుకుని పనిలో పడిపోయేవాళ్ళు.

ఆ రోజుల్లో ఒక కుమ్మరిపల్లె ఉండేది. పది ఇళ్ళు, కుండలు తిప్పి చేసే పది సారెలు, ఊరి చివర కుండలు కాల్చే ఆవం ఒకటి.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. దిక్కులేని పసిబిడ్డ ఏడుపు ముందు ఎవరి చెవిన పడితే వాళ్ళే ఆ బిడ్డకి తల్లి. వెంటనే ఎత్తుకోవాలి. పసుపునీళ్ళతో కడగాలి. నాలిక మీద మేకపాలు వెయ్యాలి. పాతచీర పరిచిన బుట్టలో పడుకోబెట్టాలి. ఇంక ఆ బిడ్డ వాళ్ళదే.

నూకాలు అలా దొరికిన పిల్లే. బంకమన్ను తవ్వే గోతి పక్కన ఏడుస్తుంటే గైరమ్మ ఎత్తుకొచ్చి పెంచింది. ఇప్పుడు నూకాలుకి ఇరవై ఏళ్ళొచ్చాయి. గైరమ్మ ముసలిదైపోయింది. కూతురు సారె తిప్పుతుంటే, తల్లి వాకిట్లో నీడన కూర్చుని, ఇంకా కాల్చకుండా ఆరుతున్న పచ్చికుండలకి కాపలా కాసేది.

నూకాలు మనసు వెన్న. నేల మీద ఏ చిన్న ప్రాణి కనబడినా ఆమె కాళ్ళు ఆగిపోయేవి. అమ్మ నన్ను ఎత్తుకోకపోతే నేనేమైపోయేదాన్నో అనుకునేది.

ఒకరోజు పొద్దున్నే, వాకిట్లో గోరింట పొద కింద ఒక పిట్టపిల్ల కనబడింది. పిగిలిపిట్ట పిల్ల. నెత్తిమీద నల్లజుట్టు ఇంకా సరిగ్గా నిలబడలేదు. ఒంటినిండా ఈకలున్నాయి గానీ తోక మాత్రం బొటనవేలంతే ఉంది. గెంతుతోంది, పడుతోంది, మళ్ళీ గెంతుతోంది.

అయ్యో, దిక్కులేని పిల్ల అనుకుంది నూకాలు. గబుక్కున ఎత్తుకుంది. పసుపునీళ్ళతో కడిగింది. నోరు తెరిపించి మేకపాలు పోసింది. బుట్టలో పడుకోబెట్టింది.

సాయంత్రానికల్లా ఆ పిల్ల మెడ వాల్చేసింది.

నూకాలు బిత్తరపోయింది. అన్నీ సరిగ్గానే చేసింది కదా. పిడికిలంత చిన్న కుండ చేసి, పిట్టపిల్లని అందులో పెట్టి, మన్ను తవ్వే గోతి పక్కనే పూడ్చింది.

ఆ రోజు పొద్దున్నించీ ఒక పెద్ద పిగిలిపిట్ట వాళ్ళ ఇంటికప్పు మీద వాలి ఉంది. ఆపకుండా కూసింది. వీధిలోవాళ్ళు బయటికొచ్చి చూశారు. పిల్లని దగ్గరికి తీసినందుకు దణ్ణం పెట్టుకోడానికొచ్చింది కాబోలు అనుకున్నారు. నూకాలు కూడా అదే నమ్మింది. అంత బాధలోనూ కొంచెం మనసు కుదుటపడింది.

రెండోరోజు పొద్దున అదే పొద కింద ఇంకో పిల్ల.

నిన్నటిది చలికి పోయుంటుంది అనుకుంది నూకాలు. ఈసారి కడిగి, పాలు పట్టి, బుట్టని తీసుకెళ్ళి ఇంకా వేడి చల్లారని ఆవం పక్కన పెట్టింది. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నూకాలు మళ్ళీ సారె దగ్గర కూర్చుంది. రెండో చిన్నకుండ చేసింది. మొదటి కుండ పక్కనే పూడ్చింది.

కప్పు మీద పిట్ట ఆరోజు పొద్దుగూకేదాకా కూసింది. పక్కింటి పైడయ్య బయటికొచ్చి, పొద్దున్నించీ ఇదే గోల అని నవ్వాడు. "ఏమే నూకాలూ, రేపు నీకు గుడి కట్టేస్తుందేమో. పూజారి మాత్రం తెగ అరుస్తున్నాడు."

వీధంతా నవ్వింది. గైరమ్మ నవ్వలేదు. అటు చెవి పెట్టి కాసేపు విని, నాకెందుకో అది పూజలా లేదే అని గొణిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

మూడోరోజు. పొద కింద మూడో పిల్ల.

దీన్ని మాత్రం పోనివ్వకూడదు అనుకుంది నూకాలు. ఒక చేత్తో బుట్ట, ఇంకో చేత్తో పసుపునీళ్ళ చెంబు పట్టుకుని పరుగెత్తింది. దారికి అడ్డంగా పచ్చికుండలు ఆరుతున్నాయి. బుట్ట చంకలో ఇరికించుకుని, ఒక కుండని పక్కకి జరపబోయింది.

"ముట్టుకోకు," అంది గైరమ్మ. "అది పచ్చిది. ఇప్పుడెత్తితే నీ వేళ్ళే దాన్ని చంపేస్తాయి. చుట్టూ తిరిగి వెళ్ళు."

నూకాలు చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, మెల్లగా, చప్పుడు చెయ్యకుండా, కుండల చుట్టూ తిరిగి పొద వెనక్కి వచ్చింది. అంత నెమ్మదిగా ఆమె ఎప్పుడూ అటు రాలేదు. అందుకే మొదటిసారి ఆ మాట వినబడింది.

పొదలో ఒక తల్లిపిట్ట, ముక్కున పట్టుకొచ్చిన పురుగుని పిల్ల నోట్లో పెట్టి, గుసగుసగా చెప్తోంది.

"ఏడవకు నాన్నా. గట్టిగా ఏడిస్తే నూకాలు వస్తుంది."

నూకాలు రాయిలా నిలబడిపోయింది.

పిల్లి వస్తుందని చెప్పలేదు ఆ తల్లి. పాము వస్తుందని చెప్పలేదు. బూచోడు కూడా కాదు. నూకాలు వస్తుందని చెప్పింది. పిల్ల నిజంగానే నోరు మూసుకుని ఆకుల్లోకి ముడుచుకుపోయింది.

చెంబు చేతిలోంచి జారింది. ఆ చప్పుడుకి తల్లిపిట్ట తిరిగి చూసింది. ఎగిరిపోలేదు. రెండు రెక్కలూ చాచి పిల్లకి అడ్డంగా నిలబడింది. పిడికెడు లేదు, వణికిపోతోంది, అయినా కదల్లేదు.

"నేనేం చేశాను?" అంది నూకాలు. "దిక్కులేదని ఎత్తుకున్నాను."

"దిక్కు నేను. ఆ కొమ్మ మీదే ఉన్నాను. నువ్వు కిందికి చూశావు. ఒక్కసారైనా పైకి చూశావా?"

తర్వాత ఆ తల్లి అంతా చెప్పింది. వాళ్ళ పిల్లలు గూట్లోంచి ముందు నేల మీదకే దిగుతారట. రెండు మూడు రోజులు గెంతితేనే రెక్కలు గట్టిపడతాయట. అంతవరకూ అమ్మానాన్నలు చుట్టుపక్కలే తిరుగుతూ పురుగులు తెచ్చి పెడతారట. నీళ్ళు పోస్తే ఈకలు తడిసి చలికి కొయ్యబారిపోతారట. నోట్లో పాలు పోస్తే ఊపిరి తిరగదట.

"కప్పు మీద కూర్చుని రెండు రోజులూ చెప్పాను. కడగొద్దు, పాలు పొయ్యొద్దు, నా పిల్లని నాకిచ్చెయ్యి అని. మీరంతా నవ్వారు."

నూకాలు నేల మీద కూలబడింది. తన రెండు చేతులూ చూసుకుంది. గోళ్ళ సందుల్లో ఇంకా పసుపు ఉంది. గోతి పక్కన రెండు చిన్నకుండలు గుర్తొచ్చాయి. నాకు కన్నతల్లి లేదు కాబట్టి నేల మీద ఉన్న ఎవరికీ తల్లి లేదనుకున్నానా అని తనని తానే అడిగింది.

ఎదురుగా పచ్చికుండలు వరసగా ఆరుతున్నాయి. కుండ నేల మీద ఉందంటే ఎవరో పారేశారని కాదు. ఆరుతోందని. ఈ మాట కుమ్మరిపల్లెలో చంటిపిల్లకి కూడా తెలుసు. తనకి తట్టలేదు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అని అడిగింది.

"దూరంగా కూర్చో. పిల్లి వస్తే తోలు. అంతే చాలు."

నూకాలు బుట్ట ఇంట్లో పెట్టేసింది. కర్ర పట్టుకుని గైరమ్మ పక్కన కూర్చుంది. తల్లి కుండలకి కాపలా, కూతురు పిట్టకి కాపలా. పైడయ్య పిల్లి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ తోక ముడిచి పారిపోయింది. పిట్టపిల్ల పడినప్పుడల్లా నూకాలు చేతులు లేచేవి. చేతుల్ని ఒళ్ళో కుక్కుకుని కూర్చునేది. ఎత్తుకోవడం కంటే అదే కష్టమనిపించింది ఆమెకి.

అలా కాపలా కాసిన మూడోరోజు ఆ పిల్ల పొద మీదికి ఎగిరింది. అక్కడినుంచి కానుగచెట్టు మీదికి. నూకాలు ఏడ్చేసింది.

కొన్నాళ్ళకి అదే పొదలో తల్లిపిట్ట మళ్ళీ గుడ్లు పెట్టింది. పిల్లలయ్యాయి. ఒకరోజు పెద్ద గాలి వీచి ఒక పిల్ల కింద పడింది. కళ్ళు తెరవలేదు, ఒంటి మీద ఒక్క ఈక లేదు, ఎర్రగా మాంసం ముద్దలా ఉంది. నూకాలు గబగబా దగ్గరికి వెళ్ళింది. చెయ్యి ముందుకి రావట్లేదు. ఈసారి పైకి చూసి అడిగింది, ఎత్తనా అని.

"ఎత్తు. దానికి ఈకలు లేవు. అది దిగలేదు, పడిపోయింది. గూట్లో పెట్టెయ్యి."

"మనిషి చెయ్యి తగిలితే మీరు వదిలేస్తారంటారే?"

"నీ బిడ్డని పక్కింటావిడ ఎత్తుకుంటే నువ్వు వదిలేస్తావా?"

నూకాలు రెండు వేళ్ళతో ఆ పిల్లని ఎత్తి, మెల్లగా గూట్లో పెట్టి, వెనక్కి వచ్చేసింది. తల్లి వెంటనే వచ్చి రెక్క కప్పింది.

ఆ తర్వాత కుమ్మరిపల్లె తన కట్టుబాటులో ఒక్క మాట కలుపుకుంది. ఎత్తే ముందు పైకి చూడాలి. నూకాలు ఆ గోతి పక్కన, రెండు చిన్నకుండలున్న చోట, ఇంకెప్పుడూ మన్ను తవ్వలేదు, ఎవర్నీ తవ్వనివ్వలేదు.

గోరింట పొదలో తల్లులు మాత్రం పిల్లలకి ఇప్పుడు ఇంకోలా చెప్తారట. పడుకో నాన్నా, నూకాలు కాపలా ఉంది అని.

అందుకే పిల్లలూ, నేల మీద పిట్టపిల్ల కనబడితే ముందు ఆగండి, పైకి చూడండి, వాళ్ళమ్మ మాట వినండి. ఆగి చూడని జాలి కూడా ప్రాణం తీస్తుంది.