కొమ్మ వదలని గుర్రాలు

సముద్ర గుర్రాలు తిండి ముట్టడం లేదు. పైడిరాజుకు తల కొట్టేసినట్టుంది.

ఉప్పునీళ్ల సంగతి ఆశ్రమంలో తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అతని ధీమా. అది నిజం కూడా. భీమిలి దగ్గర రొయ్యపిల్లల హేచరీలో చాన్నాళ్లు పనిచేసి, విరక్తి పుట్టి తారకస్వామి దగ్గర చేరినవాడు. రంగు చేపల దుకాణం మూసేస్తున్న భక్తుడొకడు, తన తొట్టెలోనే పుట్టి పెరిగిన గుర్రాల జంటను తెచ్చి ఇస్తే, స్వామి మారుమాట లేకుండా వాటిని పైడిరాజుకు అప్పగించాడు.

పైడిరాజు ఏ పనీ అరకొరగా చేసే రకం కాదు. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువున్న గాజు తొట్టె తెప్పించాడు. ఉప్పు కొలిచి కలిపాడు. వారాల తరబడి ఉత్త నీళ్లనే తిప్పి, అవి ప్రాణికి పనికొస్తాయని పరీక్ష చేసి తేల్చుకున్నాకే గుర్రాలను దింపాడు. తోక చుట్టుకోవడానికి కొమ్మల్లాంటి ప్లాస్టిక్ పగడాలు నాటాడు. మిగిలిన తిండి కుళ్లకముందే గొట్టంతో లాగేసేవాడు. అన్నిటికీ మించి, హేచరీ అలవాటు కొద్దీ పెద్ద మోటారు బిగించాడు. నీళ్లు మరుగుతున్నట్టు తిరిగేవి, అద్దంలా మెరిసేవి.

గుర్రాలు మాత్రం కొమ్మకు తోక చుట్టుకుని కదలవు, మెదలవు. మొదట్లో పైడిరాజు మురిసిపోయాడు. ఆసనమంటే అదీ అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. తనదీ అదే వరస మరి. అనుకున్న జపం ముగిసేదాకా కూర్చున్నచోటు నుంచి లేచేవాడు కాదు. పంక్తి భోజనానికి వచ్చేవాడు కాదు. చల్లారిన అన్నం ఏ వేళకో ఇంత తినేవాడు. వంటచేసే జగ్గమ్మ, గుర్రాలకీ నీకూ పందెం గానీ పెట్టారా నాయనా, ఎవరు ముందు చిక్కిపోతారో అని వేళాకోళం చేసేది.

ఆ వేళాకోళమే నిజమైంది. గుర్రాల పొట్టలు లోపలికి పోయాయి. ఇంకొన్నాళ్లిలాగే ఉంటే అవి దక్కవని పైడిరాజుకు తెలిసిపోయింది. సిగ్గు చంపుకుని స్వామి దగ్గరకు వెళ్లాడు.

"తిండిలో లోపం లేదు స్వామీ. నీళ్లలో లోపం లేదు. కొమ్మ మాత్రం వదలవు. అంత పట్టు వాటికి."

స్వామి వచ్చి తొట్టె ముందు పీట వేసుకున్నాడు. చాలాసేపు చూశాక తిండి వెయ్యమన్నాడు. పైడిరాజు ఐసు కరిగించిన సన్న రొయ్యలు వేశాడు. అవి గుర్రాల మూతుల ముందు నుంచి సర్రున పోయాయి. గుర్రం దేన్నైనా తీరిగ్గా చూసి, నిదానించి గానీ తినదు. ఒక కన్ను తిప్పి చూసేలోగా రొయ్య అవతలి మూలకు చేరింది.

స్వామి చెయ్యి చాచి మోటారు స్విచ్చి కట్టేశాడు.

పైడిరాజు ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. హేచరీలో మోటారు ఆగి, తెల్లారేసరికి తొట్టెడు పిల్లలు చచ్చిపోవడం కళ్లారా చూసినవాడు.

"ఆపకండి బాబూ, చచ్చిపోతాయి."

స్విచ్చి మీదకు వెళ్లిన అతని చేతిని స్వామి పట్టుకుని, తన ఒళ్లో పెట్టుకున్నాడు.

నీళ్లు నెమ్మదించాయి. రొయ్యలు మెల్లగా కిందికి దిగసాగాయి. ఆడగుర్రం తోక చుట్టు కొంచెం సడలించింది. ఆగింది. ఇంకొంచెం సడలించింది. ఆఖరికి కొమ్మ వదిలేసి, వీపు మీది చిన్న రెక్క ఆడిస్తూ, నిటారుగా ఓ రొయ్య దగ్గరకు వచ్చింది. దాన్ని ఎగాదిగా చూసి టక్కున పీల్చింది. కాసేపటికి మగదీ వచ్చింది.

పైడిరాజుకు ఏడుపొచ్చింది. అవి ఆకలితో వేలాడుతుంటే ఇన్నాళ్లూ తను జనాన్ని పిలిచి మరీ చూపించాడు.

"అది పట్టు అనుకున్నాను స్వామీ," అన్నాడు.

స్వామి ఇకమీదట మోటారు సన్నగా తిప్పమని, తిండివేళకు కట్టెయ్యమని మాత్రం చెప్పాడు.

అంతలో భోజనాల గంట కొట్టారు. స్వామి లేచాడు. పైడిరాజు కళ్లు తుడుచుకుని, మిగిలిన జపం ముగించుకొస్తానని తన గదివైపు నడవబోయాడు.

"రాజూ, గుర్రాలకి మోటారు నువ్వు పెట్టావు. నీకెవరు పెట్టారయ్యా?" అన్నాడు స్వామి.

పైడిరాజు అక్కడే నిలబడిపోయాడు. తరవాత వెనక్కి తిరిగి, స్వామి వెంటే వెళ్లి పంక్తిలో కూర్చున్నాడు.