ఎర్రపీలిక మీదే కన్ను ముందు ఎందుకు వాలుతుంది?

ఒకప్పుడు మనిషి కన్ను అన్నిటినీ ఒక్కలాగే చూసేది. పచ్చటి తోటలో ఒకే ఒక్క పండుమిరపకాయ ఎర్రగా వేలాడుతున్నా, ముందు దాని దగ్గరికి వెళ్ళేది కాదు. మొదటి ఆకు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ఆకునీ చూసుకుంటూ, పొద్దు వాలేవేళకి ఆ మిరపకాయ దగ్గరికి చేరేది.

"నాకు ఎవరిమీదా పక్షపాతం లేదు," అని గొప్పలు చెప్పుకునేది. ఆ రోజుల్లో కళ్ళకి మాటలొచ్చు.

అది న్యాయం కాదు, బద్ధకం. ఆ సంగతి దానికి చెప్పినవాళ్ళు మాత్రం లేరు.

పెద్ద ఏటి నడుమ ఒక లంక ఉండేది. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఇరవై ఇళ్ళు. వానాకాలంలో ఏటిని కనిపెట్టి ఉండటం నూకాలు పని. నీరు ఎన్ని జానలు పెరిగితే అన్ని గుప్పెళ్ళ మట్టి కలిపి, ఒక్క ముద్ద చేసి, పడవల రేవులో పెట్టేది. జనం ఆ ముద్దని చూసి ఉండాలో వెళ్ళాలో తేల్చుకునేవాళ్ళు. తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

కిందటేడు ముద్ద చూసి, "ఏం పెరిగిందిలే," అని అందరూ ఉండిపోయారు. తెల్లారేసరికి ఏరు ఇళ్ళలోకి వచ్చింది. పసిపిల్లలు మూడు రోజులు ఇంటికప్పుల మీద కూర్చున్నారు. పదకొండు దూడలు కొట్టుకుపోయాయి. ఆ దూడల అరుపులు నూకాలు చెవుల్లోంచి ఇంకా పోలేదు.

ఈ ఏడు మళ్ళీ వాన పట్టింది. అయిదో రోజు పొద్దున్నే ఎనిమిది గుప్పెళ్ళ ముద్ద చేసి రేవులో పెట్టింది. పక్కనే ఉన్న మొదటి రోజు ముద్ద ఒక్క గుప్పెడే.

లంక పెద్ద గవర్రాజు రెండు ముద్దలనీ మార్చి మార్చి చూశాడు. "ఏమ్మా నూకాలూ, ఇది కాస్త ఒళ్ళు చేసింది, అంతేగా? మొక్కజొన్న కోతకొచ్చింది. రెండ్రోజులు చూద్దాం."

"ఎనిమిది జానలు, మామా! ఇంకొక్క జాన పెరిగితే నీ అరుగెక్కుతుంది."

"కంటికి కనపడాలిగా!"

"మట్టి పిసికీ పిసికీ వదిన చేతులే లావెక్కుంటాయి," అంది గుంపులోంచి పోలమ్మ. అందరూ నవ్వారు.

నూకాలు నవ్వలేదు. ఏటి ఒడ్డుకి వెళ్ళి, నీళ్ళలో తన కన్నుని చూసుకుని గట్టిగా మందలించింది. "ఎనిమిదింతలైన ముద్ద నీకు రెండింతలే కనపడిందేం?"

"నేనేం చెయ్యనమ్మా?" అంది కన్ను. "గుండ్రటిదాంట్లో పెరిగింది అన్నివైపులకీ సర్దుకుని దాక్కుంటుంది. అయినా అన్నిటినీ సమానంగా చూడటం నా ధర్మం."

రాయి మీద కూర్చున్న లకుముకి పిట్ట పకపకా నవ్వింది. "ధర్మమట! వంద చేపల్లో ఒక్కటి తళుక్కుమంటే, ముందు దాని మీదకి దూకుతాను నేను. అన్నిటినీ వరసగా చూసుకుంటూ కూర్చుంటే నా పిల్లలు పస్తులే."

"మిగతావాటికి అన్యాయం కదా?" అంది కన్ను.

"విన్నావా?" అంది నూకాలు. "ఇల్లు మునుగుతుంటే ఇంట్లో ప్రతి గిన్నెనీ సమానంగా చూడటం ధర్మమా? ముందు చూడాల్సింది ముందు చూడు. ఆ తరవాత మిగతావి చూడు, ఎవరొద్దన్నారు?"

కన్ను సిగ్గుపడింది. రెప్ప వాల్చి ఎత్తింది.

"సరేనమ్మా. తేడా ఉన్నదాని మీదకే ముందు దూకుతాను. కానీ అలా దూకేటప్పుడు నాకు ఆలోచించే తీరిక ఉండదు. నన్ను పిలిచేవాళ్ళు నిజం కోసమే పిలవాలి."

"మాటిస్తున్నాను," అంది నూకాలు.

పచ్చటి రెల్లు కోసింది. రోజుకొకటి చొప్పున అయిదు కాడలు. ఏ రోజుకి నీరు మొత్తం ఎంత పెరిగిందో ఆ కాడ అంత పొడుగు. రేవులో వాటిని గబగబా గుచ్చేసింది. ఒకటి గుంటలో దిగింది, ఒకటి గట్టు మీద నిలబడింది. కన్ను తికమకపడింది. "ఏది పొడుగో తెలియటం లేదమ్మా. అన్నిటికీ ఒకే నేల ఉండాలి."

"ఇవాళ్టి కాడని ఆ దిబ్బ మీద పెట్టెయ్," అంది లకుముకి పిట్ట. "ఇంకా పొడుగ్గా కనపడుతుంది. హడలిపోయి పరిగెడతారు."

"వద్దు," అంది నూకాలు. "ఇవాళ అబద్ధంతో భయపెడితే, రేపు నిజం చెప్పినా నమ్మరు. నేనిచ్చిన మాట ఇంకా ఆరనే లేదు."

కాడలన్నీ పీకేసింది. వానలో మోకాళ్ళ మీద కూర్చుని, పడవచెక్కతో ఇసుకని చదును చేసింది. అయిదింటినీ వరసగా నిలబెట్టింది. ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది జానలు. తన చీర ఎర్ర అంచు చించి, ఇవాళ్టి కాడకి కట్టింది.

గవర్రాజుని పిలుచుకొచ్చింది. నూకాలు కన్ను గవర్రాజు కన్నుతో గుసగుసగా ఏదో చెప్పింది. అది పోలమ్మ కన్నుతో చెప్పింది. అలా రేవంతా పాకింది.

గవర్రాజు ఉలిక్కిపడ్డాడు. "ఇదేంటే! నేను చూడకముందే నా కన్ను ఆ ఎర్రపీలిక మీద వాలింది!"

కాడల వరస వెంట అతని చూపు మెట్లెక్కినట్టు ఎక్కింది. మొహం తెల్లబోయింది.

"ఇంత పెరిగిందా? పడవలు విప్పండి! ముందు పిల్లలు, తరవాత దూడలు!"

"వదినా, నీ చేతులేం లావెక్కలేదులే," అని పోలమ్మ చంకలో బిడ్డతో పడవెక్కింది. నూకాలు అందరికంటే ఆఖరున ఎక్కింది.

మర్నాడు ఏరు లంక మీద నుంచి పారింది. మొక్కజొన్న పోయింది. దూడ ఒక్కటీ పోలేదు. నీరు తీశాక ఒండ్రుమట్టి మీద మళ్ళీ విత్తనం చల్లారు. నూకాలు అందరికంటే ముందు రేవుకి వెళ్ళి, ఇసుక చదును చేసి పెట్టింది.

అప్పటినుంచే వంద పచ్చటివాటి మధ్య ఉన్న ఒక్క ఎర్రటిదాని మీద మనిషి కన్ను ముందు వాలుతోంది. గుండ్రటి ముద్దల దగ్గర ఇప్పటికీ తడబడుతుంది గానీ, ఒకే నేల మీద నిలబెడితే ఏది పొడుగో ఇట్టే చెప్పేస్తుంది. మీరు బడిలో వానలెక్కని నిలువు కడ్డీలుగా గీసేటప్పుడు, అన్నిటికంటే ముందు అడుగున ఒక తిన్నని గీత గీస్తారు చూడండి, అది నూకాలు చదును చేసిన ఇసుకే.